టైమింగ్ చైను వదులైందా? విప్పేముందు గుర్తులు చూడండి

పాత మోటార్ సైకిల్ ఇంజన్లో వచ్చే ఒక శబ్దం గురించి ఈ రోజు మాట్లాడుకుందాం. బండి స్టార్ట్ చేసి స్లోలో ఉంచితే ఇంజన్ ఎడమ వైపు నుంచి లొడలొడమని వినిపిస్తుంది. రేజ్ ఇస్తే కాస్త సర్దుకున్నట్టు ఉంటుంది. యాక్సిలరేటర్ వదిలెయ్యగానే మళ్ళీ గలగలమంటుంది. షెడ్డుకు తీసుకెళ్తే చాలాసార్లు వినిపించే మాట ఒకటే. "టైమింగ్ చైను పోయింది, ఇంజన్ విప్పాలి" అంటారు. ఆ మాట నిజం కావచ్చు. కాకపోనూ వచ్చు. నేను చెప్పదలచుకున్నది ఇది. శబ్దం అనుమానం మాత్రమే పుట్టిస్తుంది. ఆ అనుమానం నిజమో కాదో తేల్చేవి ఇంజన్లో కంపెనీ వాళ్ళు చెక్కి పెట్టిన రెండు గుర్తులు. వాటిని చూడటానికి ఇంజన్ దించక్కర్లేదు. కాబట్టి ముందు గుర్తులు చూడాలి. ఆ తర్వాతే చైను మార్చే మాట ఎత్తాలి.

ముందుగా మీ బండిలో అసలు ఈ చైను ఉందో లేదో తెలుసుకోండి. ఆర్ఎక్స్ 100 లాంటి టూ స్ట్రోక్ బండ్లకు హెడ్‌లో వాల్వులు ఉండవు. అందుకని టైమింగ్ చైను కూడా ఉండదు. పాత బుల్లెట్‌కు వాల్వులు ఉన్నాయి కానీ వాటిని నడిపేవి పళ్ళ చక్రాలూ, పొడుగాటి పుష్ రాడ్లూ. అందులోనూ టైమింగ్ చైను లేదు. 1985లో వచ్చిన హీరో హోండా సీడీ 100, ఆ తర్వాత 1994లో వచ్చిన స్ప్లెండర్, ఈ రెండింటిలోనూ ఉంది. వీటిలో వాల్వులను తెరిచే క్యామ్ షాఫ్ట్ ఇంజన్ హెడ్‌లోనే కూర్చుంటుంది. ఈ 97.2 సీసీ ఇంజన్ మన ఊళ్ళలో లక్షల మందికి అన్నం పెట్టింది. పాలు పోసేవాళ్ళు, కూరగాయలు వేసుకెళ్ళేవాళ్ళు, పల్లె బడికి వెళ్ళే మాస్టార్లు ఇప్పటికీ దాన్ని నడుపుతున్నారు. అందుకే ఈ రోజు ఆ ఇంజన్నే దగ్గర పెట్టుకుని మాట్లాడుకుందాం. మిగతా బండ్లలో చైనును బిగువుగా పట్టే టెన్షనర్ తీరు వేరేగా ఉండొచ్చు. ఆలోచించే పద్ధతి మాత్రం అదే.

ఈ చైను పని ఏమిటో అర్థం కావాలంటే సైకిలు చైనును తలచుకోండి. పెడల్ తొక్కితే చైను పై వరస బిగుసుకుని వెనక చక్రాన్ని లాగుతుంది. కింది వరస కొంచెం వేలాడుతుంది. లాగే వరస ఒకటి, వదులు వరస ఒకటి. ఇంజన్లోనూ ఇంతే. కింద పిస్టన్ తిప్పే క్రాంక్ షాఫ్ట్ మీద చిన్న పళ్ళ చక్రం ఉంటుంది. హెడ్‌లో క్యామ్ షాఫ్ట్ చివర దానికి రెండింతల పళ్ళున్న పెద్ద చక్రం ఉంటుంది. క్రాంక్ రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక చుట్టు తిరగాలి. ఏ క్షణంలో ఏ వాల్వ్ తెరవాలో, ఎప్పుడు మూయాలో నిర్ణయించేది ఈ లెక్కే. సైకిలు చైను వదులైతే షాపతను వెనక చక్రాన్ని కాస్త వెనక్కి లాగి బిగిస్తాడు. ఇంజన్లో ఆ వీలు లేదు. క్యామ్ షాఫ్ట్‌ను కదపలేం. అందుకని వదులు వరసను నొక్కి పట్టుకోవడానికి టెన్షనర్ అనే ఏర్పాటు చేశారు. ఒక ఆర్మ్, దాని చివర రోలర్, ఆ ఆర్మ్‌ను నెట్టడానికి ఒక స్ప్రింగూ, పుష్ రాడ్డూ. ఈ సంగతి గుర్తుంచుకోండి. ఎందుకంటే చైను అరిగినా లొడలొడే, టెన్షనర్ అలసినా లొడలొడే. చెవికి రెండూ ఒకేలా వినిపిస్తాయి. ఖర్చులో మాత్రం చాలా తేడా ఉంది.

చైను సాగింది అని మనం మామూలుగా అంటాం. ఇనప లింకులు రబ్బరులా సాగవు. ప్రతి కీలు దగ్గరా పిన్నూ, బుష్షూ ఒరుసుకుని అరుగుతాయి. ఎనభై లింకులున్న చైను అనుకుందాం. ఒక్కో కీలులో మిల్లీమీటరులో యాభయ్యో వంతు అరిగిందనుకుందాం. అది కంటికి కనిపించే అరుగుదల కాదు. కానీ ఎనభై కీళ్ళకు కలిపితే 1.6 మిల్లీమీటర్లు. ఈ ఇంజన్లో లింకుకూ లింకుకూ మధ్య దూరం 6.35 మిల్లీమీటర్లు. అంటే చైను పావు లింకు మేర పొడుగైపోయింది. ఈ అరుగుదలకు ముఖ్య కారణం ఇంజన్ ఆయిల్‌ను పట్టించుకోకపోవడం. ఆయిల్ తగ్గినా, మార్చకుండా నల్లబడి జిగురెక్కినా, కీళ్ళలోకి పోయే సన్నటి మురికి ఆకురాయిలా పనిచేస్తుంది. పెట్రోలు నింపి, మూత పెట్టి, ఇక మరిచిపొమ్మన్న ధోరణిలో ఆ రోజుల్లో ఈ బండికి ప్రకటనలు వచ్చేవి. పెట్రోలు విషయంలో ఆ మాట చెల్లింది. ఇంజన్ ఆయిల్‌ను మరిచిపోతే చెల్లదు. ఇందులో పట్టే ఆయిలే లీటరుకు అటూ ఇటూ. అందులో పావు లీటరు తగ్గినా ఇంజన్‌కు పెద్ద లోటే.

మరి స్లోలోనే శబ్దం ఎందుకు ఎక్కువ? దీనికి కారణం ఉంది. క్యామ్ వాల్వును తెరిచేటప్పుడు వాల్వ్ స్ప్రింగ్ ఎదురు నిలుస్తుంది. అప్పుడు చైను గట్టిగా లాగాలి. వాల్వ్ మూసుకునేటప్పుడు అదే స్ప్రింగ్ క్యామ్‌ను ముందుకు నెడుతుంది. అప్పుడు లాగే వరస ఒక్క క్షణం సడలుతుంది. ప్రతి చుట్టులోనూ ఈ లాగుడూ, సడలుడూ జరుగుతూనే ఉంటాయి. స్లోలో క్రాంక్ కూడా ఒకే వేగంతో తిరగదు. పేలినప్పుడు ఉరుకుతుంది, తర్వాత నెమ్మదిస్తుంది. చైను వదులుగా ఉంటే ఈ కుదుపులకు అటూ ఇటూ కొట్టుకుంటుంది. రేజ్ ఇచ్చి వదిలినప్పుడు క్రాంక్ వేగం ఒక్కసారిగా తగ్గుతుంది. క్యామ్ మాత్రం అదే ఊపులో ముందుకు పోబోతుంది. ఆ క్షణంలో వదులంతా వరస మారుతుంది. అందుకే యాక్సిలరేటర్ మూసినప్పుడు గలగల పెరుగుతుంది. కాబట్టి మీరు గమనించాల్సింది ఈ మూడూ. శబ్దం ఎడమ వైపు వస్తోందా? స్లోలో ఎక్కువగా ఉందా? రేజ్ వదిలినప్పుడు పెరుగుతోందా? మూడింటికీ అవునని జవాబు వస్తే చైను వైపు అనుమానం బలపడింది. గుర్తుంచుకోండి, బలపడింది అంతే. ఇంకా తేలలేదు.

ఎందుకు తేలలేదంటే, ఇదే శబ్దాన్ని వేరేవీ పుట్టిస్తాయి. వాటిని ఒక్కొక్కటిగా పక్కన పెట్టుకుంటూ రావాలి. మొదట ఆయిల్. బండిని చదునైన చోట మెయిన్ స్టాండ్ మీద నిలపండి. ఆయిల్ గేజ్ పుల్లను తీసి తుడిచి, మర బిగించకుండా ఊరికే లోపల ఆనించి తియ్యండి. పై గీతకూ కింది గీతకూ మధ్య ఆయిల్ ఉండాలి. తక్కువుంటే పోసి, నల్లబడితే మార్చి, అప్పుడు మళ్ళీ వినండి. రెండోది సైలెన్సర్. అది హెడ్‌కు కలిసే చోట గాస్కెట్ కాలిపోతే టుస్ టుస్‌మంటూ పొగ తన్నుతుంది. దూరం నుంచి వింటే అదీ లోపలి చప్పుడులాగే ఉంటుంది. మూడోది క్లచ్. అది కుడి వైపు ఉంటుంది. క్లచ్ లివర్ నొక్కగానే శబ్దం మారితే, ముందు అటు చూడాలి. నాలుగోది ట్యాపెట్లు. వీటి చప్పుడు తాళం తప్పదు. కుట్టు మిషన్‌లా టకటకమని ఒకే దరువులో ఉంటుంది. చైను చప్పుడుకు అంత నిలకడ ఉండదు. ఒకసారి గట్టిగా, ఒకసారి మెత్తగా, గీరినట్టు, కొట్టినట్టు కలగాపులగంగా వస్తుంది. ట్యాపెట్లు సరిచేయాలంటే ఇంజన్ పూర్తిగా చల్లారి ఉండాలి. ట్యాపెట్‌కూ వాల్వుకూ మధ్య సందును ఫీలర్ గేజ్‌తోనే కొలవాలి. ఈ చిన్న ఇంజన్లలో ఆ సందు మిల్లీమీటరులో పదో వంతు కూడా ఉండదు. అది వేళ్ళకు అందే కొలత కాదు. ట్యాపెట్లు సరిచేశాక శబ్దం పోతే, మీ పని అక్కడితో అయిపోయినట్టే.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. ముప్పై ఏళ్ళ అనుభవమున్న మెకానిక్‌కు ఇదంతా ఎందుకు, చెవి పెట్టి వింటే చాలదా అని. అనుభవమున్న చెవి చాలా విలువైనది. దాన్ని తక్కువ చేయడం లేదు. కానీ ఇంజన్ లోహపు దిమ్మ. ఒక మూల పుట్టిన చప్పుడు మొత్తం ఇంజన్లో పాకుతుంది. సిలిండర్ రెక్కలు దాన్ని ఇంకా పెద్దది చేస్తాయి. అందుకే మంచి మెకానిక్‌లు పొడుగాటి స్క్రూ డ్రైవర్ వాడతారు. పిడి చెవి వెనక ఎముకకు ఆనిస్తారు. మొనను ఇంజన్ మీద ఒక్కో చోట పెడతారు. ట్యాపెట్ మూతల మీద, సిలిండర్ కుడి పక్కన, ఎడమ పక్కన, మాగ్నెట్ కవర్ మీద. ఈ ఇంజన్లో చైను ఎడమ పక్క సొరంగం లాంటి దారిలో నడుస్తుంది. అక్కడ మొన పెట్టినప్పుడు చప్పుడు గట్టిగా ఉండి, కుడి పక్కన తగ్గిపోతే, చోటు దొరికినట్టు. ఈ పని చేసేటప్పుడు మెడలో తువ్వాలు, చున్నీ లాంటివి వేలాడకూడదు. సైలెన్సర్‌కు చెయ్యి తగలకూడదు. ఇంత చేసినా చెవి చెప్పగలిగేది చోటు మాత్రమే. చైను అరిగిందా, టెన్షనర్ అలసిందా అన్నది చెవి చెప్పలేదు. దానికి కన్ను కావాలి.

ఇప్పుడు అసలు పరీక్షకు వద్దాం. జాగ్రత్తగా వినండి. ఇంజన్ చల్లారనివ్వండి. తాళం ఆఫ్ చెయ్యండి. ప్లగ్గు తీసెయ్యండి, అప్పుడు ఇంజన్ తేలిగ్గా తిరుగుతుంది. హెడ్‌కు ఎడమ వైపు గుండ్రటి మూత ఉంటుంది. అది తీస్తే క్యామ్ చక్రం కనిపిస్తుంది. కింద మాగ్నెట్ కవర్ కూడా తియ్యండి. బండి మెయిన్ స్టాండ్ మీద ఉండగా నాలుగో గేర్లో పెట్టి, వెనక చక్రాన్ని చేత్తో మెల్లగా ముందుకు తిప్పండి. క్రాంక్ చివరనున్న మాగ్నెట్ కూడా తిరుగుతుంది. ఎడమ వైపు నుంచి చూస్తే గడియారం ముల్లుకు ఎదురుగా తిరుగుతుంది. మాగ్నెట్ మీద ఇంగ్లీషు టీ అక్షరం, దాని పక్కన ఒక గీత చెక్కి ఉంటాయి. ఆ గీత ఇంజన్ బాడీ మీదున్న గుర్తుకు ఎదురుగా రావాలి. పిస్టన్ పూర్తిగా పైకి చేరిందనడానికి అది సాక్ష్యం. అప్పుడు పైన క్యామ్ చక్రాన్ని చూడండి. దాని మీద గుండ్రటి ఓ గుర్తు ఉంటుంది. అది హెడ్ మీదున్న గాటుకు సరిగ్గా ఎదురుగా ఉండాలి. కనిపించకపోతే కంగారు పడకండి. మాగ్నెట్‌ను ఇంకో పూర్తి చుట్టు తిప్పండి, వస్తుంది. ఒక్క జాగ్రత్త. గీత దాటిపోతే వెనక్కి తిప్పి సరిచేయకండి. మళ్ళీ ముందుకే తిప్పుకుంటూ రండి. ముందుకు తిప్పినప్పుడే లాగే వరస బిగువుగా ఉంటుంది. అప్పుడే గుర్తులు నిజం చెబుతాయి.

ఇప్పుడు ఆ గుర్తులు ఏం చెబుతున్నాయో చూద్దాం. కింద టీ గీత కుదిరింది, పైన ఓ గుర్తు గాటుకు ఎదురుగానే ఉంది. అంటే చైను పొడుగు ఇంకా బాగానే ఉంది. శబ్దం వస్తున్నా సరే, చైను మీద తీర్పు చెప్పకండి. రెండో సందర్భం. టీ గీత కుదిరింది, కానీ ఓ గుర్తు గాటు దాకా రాలేదు. పావు పన్నో, అర పన్నో వెనకబడి ఉంది. చైను అరిగి పొడుగైందనడానికి ఇది గట్టి సాక్ష్యం. లాగే వరస పొడుగైతే క్యామ్ ఆలస్యంగా తిరుగుతుంది. వాల్వులు ఆలస్యంగా తెరుచుకుంటాయి, ఆలస్యంగా మూసుకుంటాయి. అలాంటి బండికి స్లోలో పికప్ తగ్గుతుంది, పొద్దున్నే స్టార్టింగ్ మొరాయిస్తుంది. మూడో సందర్భం. గుర్తు సరిగ్గా ఒక పూర్తి పన్ను తప్పింది. అది మెల్లగా వచ్చిన అరుగుదల కాదు. చైను పన్ను జారింది, లేదా ఇదివరకు బిగించినవాళ్ళు ఒక పన్ను తేడాతో బిగించారు. క్యామ్ చక్రానికి ముప్పై పళ్ళున్నాయనుకుంటే ఒక్క పన్ను 12 డిగ్రీలు. క్రాంక్ లెక్కలో అది 24 డిగ్రీలు. అంత తేడాతో ఇంజన్ సరిగా నడవదు. మళ్ళీ చెబుతున్నాను. గుర్తు కుదిరితే చైను మంచిది. అర పన్ను వెనకబడితే చైను అరిగింది. పూర్తి పన్ను తప్పితే జారింది, లేదా తప్పుగా బిగించారు.

గుర్తులు కుదిరినా శబ్దం వస్తోందంటే టెన్షనర్ వైపు చూడాలి. ఇందాక చెప్పుకున్న సైకిలు చైను సంగతే ఇక్కడా పనికొస్తుంది. లాగే వరస బిగువుగా ఉన్నా, వదులు వరసను పట్టుకునేవాడు లేకపోతే అది కొట్టుకుంటుంది. మాగ్నెట్‌ను చేత్తో పట్టుకుని చాలా కొద్దిగా, మెల్లగా వెనక్కీ ముందుకూ ఊపి చూడండి. క్యామ్ చక్రం కూడా దాదాపు వెంటనే కదలాలి. కాస్త ఆట మామూలే, ఎందుకంటే టెన్షనర్ స్ప్రింగ్ మీద ఆధారపడి ఉంది. కానీ మాగ్నెట్ బాగా కదిలిన తర్వాత గానీ క్యామ్ చక్రం కదలకపోతే, చైనును ఎవరూ పట్టుకోవడం లేదని అర్థం. బలంగా మాత్రం వెనక్కి తిప్పకండి. ఇంజన్ అడుగున ఎడమ వైపు టెన్షనర్ బోల్టు ఉంటుంది. దాన్ని విప్పితే కొంచెం ఆయిల్ కారుతుంది, స్ప్రింగూ పుష్ రాడ్డూ బయటికి వస్తాయి. స్ప్రింగ్‌ను కొత్తదాని పక్కన పెట్టి పొడుగు పోల్చండి. పొట్టిబడితే మార్చండి. పుష్ రాడ్డు తలమీద రబ్బరు అరిగి గుంట పడిందేమో చూడండి. ఇది హెడ్ ముట్టుకోకుండా, మాగ్నెట్ ఊడదీయకుండా అయ్యే పని. చాలా లొడలొడలకు ఇక్కడే మందు దొరుకుతుంది.

ఇంత తిరుగుడు దేనికి, చైను చవకే కదా, మార్చి పారేస్తే పోలేదా అనేవాళ్ళున్నారు. చైను చవకే. కానీ దాన్ని మార్చాలంటే పుల్లర్ పెట్టి మాగ్నెట్ లాగాలి. దాని వెనకున్న ప్లేటు తీయాలి. గాస్కెట్లు, ఓ రింగులు మార్చాలి. మళ్ళీ గుర్తులు కుదిర్చి బిగించాలి. అసలు జబ్బు టెన్షనర్లో ఉంటే కొత్త చైను కూడా కొన్నాళ్ళకే కొట్టుకుంటుంది. అప్పుడు చెప్పేదేముంది, బోరు పోయిందంటారు. చైను నిజంగా అరిగినప్పుడు కూడా దాన్నొక్కదాన్నే మార్చడం తప్పు. అరిగిన చైను పళ్ళ చక్రాలనూ, రోలర్లనూ అరగదీసే ఉంటుంది. పాత పళ్ళ మీద కొత్త చైను ఎక్కువ కాలం మన్నదు. సెట్టుగా మార్చాలి. ఇంకొందరు చిక్కటి ఆయిల్ పోస్తే చాలంటారు. చప్పుడు కొంత అణుగుతుంది, నిజమే. అరుగుదల తగ్గదు. పైగా చిక్కటి ఆయిల్ చల్లటి ఇంజన్లో పైకి చేరడానికి ఆలస్యమవుతుంది. ఆ కాసేపూ క్యామ్ పొడిగా తిరుగుతుంది. కంపెనీ పుస్తకంలో ఏ గ్రేడు రాశారో అదే పొయ్యండి. మరికొందరు పాత బండి అన్నాక చప్పుడు చెయ్యదా అని వదిలేస్తారు. వదులు చైను ఊరుకోదు. రోలర్ల రబ్బరును కొరుకుతుంది. ఆ ముక్కలు ఆయిల్ జాలీకి అడ్డం పడతాయి. చివరికి పన్ను జారి, కొన్ని ఇంజన్లలో వాల్వ్ వెళ్ళి పిస్టన్‌ను తాకుతుంది. చిన్న స్ప్రింగ్‌తో పోయేది అప్పుడు హెడ్ దాకా వస్తుంది.

శ్రోతలారా, ఇవాళ్టి మాటను మరొక్కసారి చెప్పుకుందాం. మొదట ఆయిల్, తర్వాత బయటి చప్పుళ్ళు, ఆ తర్వాత ట్యాపెట్లు. వీటితో పోకపోతే గుర్తులు. గుర్తులు కుదిరితే టెన్షనర్. గుర్తు వెనకబడితేనే చైను. ఈ వరస తప్పకూడదు. తేలికైన పని నుంచి బరువైన పనికి వెళ్ళాలి గానీ, బరువైన దానితో మొదలుపెట్టకూడదు. మీరు స్వయంగా రెంచ్ పట్టకపోయినా పరవాలేదు. అడగడం మీ హక్కు. మీ మెకానిక్‌తో మర్యాదగా, "అన్నా, విప్పేముందు టీ గీత దగ్గర ఓ గుర్తు ఎక్కడుందో ఒకసారి చూపించు" అనండి. పని తెలిసినవాడు సంతోషంగా చూపిస్తాడు. మీకు తెలిసిందని గౌరవిస్తాడు కూడా. గుర్తు పావు పన్నో, అర పన్నో వెనకబడి కనిపిస్తే, మారు మాట్లాడకుండా చైను సెట్టు మార్పించండి. ఆ ఖర్చు వృథా కాదు. గుర్తు కుదిరి ఉంటే మాత్రం, ముందు టెన్షనర్ బోల్టు విప్పమని చెప్పండి. రోజు కూలీ మీద బతికే మనిషికి బండి ఒక్క రోజు షెడ్డులో ఆగితే ఆ రోజు సంపాదన పోయినట్టే. అవసరం లేని విప్పుడు ఒక్కటి తప్పినా ఆ ఇంటికి మేలే.